డోలక్ లేని కూడికలో గిటారు

ఈ దినాన ఒక చిన్న సంగతి మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాను. మొదట ఒక దృశ్యాన్ని మీ కన్నుల ముందు ఉంచుకోండి. సాయంకాలం ఒక ఇంట్లో కూడిక. చాపల మీద పది పన్నెండు మంది కూర్చున్నారు. డోలక్ వాయించే సహోదరునికి ఆ రోజు డ్యూటీ పడింది, రాలేకపోయాడు. ఒక యౌవనస్థుని చేతిలో గిటారు మాత్రం ఉంది. పాట ఎత్తుకున్నారు. పల్లవి బాగానే సాగింది. మొదటి చరణం వచ్చేసరికి పిల్లలు ముందుకు పరుగెత్తారు. మూల కూర్చున్న పెద్ద వయసు అమ్మగారు తన పాత నడకలోనే ఉన్నారు. చప్పట్లు రెండు దారులయ్యాయి. ఆ యౌవనస్థుడు కంగారుపడి తీగలను ఇంకా గట్టిగా మీటాడు. శబ్దం పెరిగింది గాని తాళం కుదరలేదు. చివరికి ఆ అమ్మగారు పాడడం మానేసి, చేతులు ఒడిలో పెట్టుకొని ఊరకే కూర్చున్నారు.

ఇది మీ మధ్య కూడా జరిగి ఉండవచ్చు కదా? "డోలక్ ఉంటే ఇలా అయ్యేది కాదు" అని మనమంటాము. నిజమే. అయితే గమనించండి, ఆ యౌవనస్థుని ఒడిలోనే ఒక డోలక్ ఉంది. దానిని ఎలా పలికించాలో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

గిటారులో డోలక్ ఎక్కడుంది?

గిటారు అంటే మనకు తీగలే గుర్తుకొస్తాయి. తీగలను కాసేపు మరచిపోండి. మిగిలినదేమిటి? లోపల ఖాళీగా ఉన్న ఒక చెక్క పెట్టె. దాని ముందు పలక చాలా పలుచనిది, సుమారు మూడు మిల్లీమీటర్లు. మృదంగానికి చర్మం ఎలాంటిదో గిటారుకు ఈ పలక అలాంటిది. చేతితో తట్టితే పలక కదులుతుంది, లోపలి గాలి కదులుతుంది, గుండ్రని రంధ్రంలో నుండి శబ్దం బయటికి వస్తుంది.

మృదంగానికి రెండు ముఖాలున్నాయి. ఒక వైపు బరువైన శబ్దం, మరొక వైపు పదునైన శబ్దం. తాళం నడవడానికి ముఖ్యంగా ఈ రెండే కావాలి. గిటారు పలక మధ్యభాగానికి దగ్గరగా తట్టితే బరువైన శబ్దం వస్తుంది. అంచుకు వెళ్ళే కొద్దీ శబ్దం పదునెక్కుతుంది. ఎక్కడ తట్టాలో తెలిస్తే రెండు ముఖాలూ మీకు దొరికినట్లే.

ఇది క్రొత్త సంగతి కాదు

ఎవరైనా "ఇదేమి వింత, తీగల వాద్యాన్ని కొట్టడమేమిటి?" అని అడగవచ్చు. స్పెయిన్ దేశంలో ఫ్లమెంకో సంగీతం వాయించేవారు తీగలు మీటుతూనే వేలి గోటితో పలకను తట్టుతారు. దానికి గోల్పే అని పేరు. పలక గీతలు పడకుండా దాని మీద ఒక పలుచని రేకును అతికించుకుంటారు. అదే దేశస్థుడైన ఫ్రాన్సిస్కో తారెగా (1852-1909) తన గ్రాన్ హోతా అనే రచనలో రెండు తీగలను ఒకదాని మీద ఒకటి దాటించి, సైన్యంలో మ్రోగే చిన్న డ్రమ్ము శబ్దాన్ని పలికించాడు.

అమెరికాలో జానీ క్యాష్ సంగతి చూడండి. 1956లో 'ఐ వాక్ ద లైన్' అనే పాటను రికార్డు చేసినప్పుడు అతని బృందంలో డ్రమ్ములు వాయించేవాడు లేడు. అతడేమి చేశాడు? ఒక కాగితాన్ని గిటారు తీగల మధ్య దూర్చి వాయించాడు. తీగ కాగితానికి తగిలి గరగరలాడింది, అదే డ్రమ్ము శబ్దమై పాటను నడిపింది. లేనిదాని గురించి చింతించక, చేతిలో ఉన్నదానితోనే పని జరిగించాడు.

అంత దూరం ఎందుకు? మన వీణనే చూడండి. ఏడు తీగల్లో నాలుగు రాగానికి, పక్కనున్న మూడు తాళానికి. తీగతో తాళం వేయడం మన వారికి ఎప్పటినుండో తెలుసు. మరొక మాట. నిర్గమకాండము 15వ అధ్యాయంలో మిర్యాము తంబుర పట్టుకొన్నదని చదివినప్పుడు మనలో చాలామంది తీగలున్న తంబురను ఊహించుకుంటాము. అయితే మూలభాషలో అక్కడున్న మాట చేతితో వాయించే చర్మవాద్యం పేరు.

నేర్చుకోవలసిన నాలుగు శబ్దాలు

ఇప్పుడు గిటారు చేతిలోకి తీసుకోండి. తొందరపడకండి, ఒక్కొక్కటిగా నేర్చుకుందాం.

మొదటిది, 'ధోం'. కుడి అరచేతి మడమ భాగంతో, అంటే మణికట్టుకు ఆనుకొని ఉన్న మెత్తని చోటుతో, రంధ్రానికి బ్రిడ్జికి మధ్య, లావు తీగల వైపున పలకను తట్టండి. తట్టిన వెంటనే చెయ్యి తీసేయండి. చెయ్యి అక్కడే ఆనించి ఉంచితే శబ్దం చచ్చిపోతుంది.

రెండవది, 'చక్'. కుడిచేతి వేళ్ళను రంధ్రానికి ఎడమగా, ఫ్రెట్లు ముగిసే చోట, తీగల మీద ఒక్కసారిగా వాల్చండి. తీగలు ఫ్రెట్లకు తగిలి పదునుగా 'చక్' అంటాయి. ఇక్కడ చెయ్యి తీయకూడదు, అక్కడే ఒక్క క్షణం ఆగాలి. అప్పుడే అంతకు ముందు మ్రోగుతున్న స్వరం కూడా ఆగిపోయి దెబ్బ స్పష్టంగా వినబడుతుంది.

మూడవది, 'చిక్'. ఎడమచేతి వేళ్ళను తీగల మీద నొక్కకుండా తేలికగా పరచండి. కుడిచేతితో పైకీ క్రిందికీ మీటండి. స్వరం రాదు, గలగల మాత్రం వస్తుంది. ఒక్క వేలు పెడితే 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర గంటలాంటి స్వరం పలుకుతుంది, అందుచేత కనీసం రెండు మూడు వేళ్ళు పరచాలి.

నాలుగవది, తంబోరా. ఇది స్పానిష్ వారి పద్ధతి. ఎడమచేతితో కార్డు పట్టుకోండి. కుడి బొటనవేలి పక్క భాగంతో బ్రిడ్జి దగ్గర తీగలన్నిటినీ ఒకేసారి కొట్టండి. తాళంచెవి త్రిప్పినట్లు మణికట్టును త్రిప్పితే చాలు, భుజబలం అక్కరలేదు. డ్రమ్ము మ్రోగుతుంది, దాని లోపలే కార్డు కూడా వినబడుతుంది. నెమ్మదైన పాటకు ఇది ఎంతో అందంగా ఉంటుంది.

ఈ నాలుగూ వచ్చాక కాగితం పద్ధతి ప్రయత్నించండి. రెండు వేళ్ళ వెడల్పు కాగితపు ముక్కను బ్రిడ్జి దగ్గర ఒక తీగ పైనుండి, మరొక తీగ క్రిందనుండి అల్లండి. పిల్లలకు ఇది చాలా ఇష్టం.

నోటితో మొదలుపెట్టండి

మృదంగం నేర్పే గురువు శిష్యునికి ముందు సొల్లు నేర్పుతాడు. నోటితో పలకలేనిది చేతితో పలకదు. మీరు కూడా గిటారు ప్రక్కన పెట్టి, కాలితో లెక్క వేస్తూ "ధోం చక్ ధోం చక్" అని పలకండి. నిమిషానికి 60 దెబ్బలు చాలు, అంటే గడియారంలో సెకండ్ల ముల్లు నడక. నోటికి వచ్చాక చేతికి ఇవ్వండి. చేతికి వచ్చాక 'ధోం'తో పాటు బొటనవేలితో లావు తీగ ఒకటి మీటండి. అప్పుడు డోలక్కూ గిటారూ ఒకే మనిషి దగ్గర వినబడతాయి.

ఏ పాటకు ఏ నడక? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగము, తాళము అచ్చు వేసి ఉంటాయి. మనలో ఎందరము ఆ మాట చదువుతాము? ఇక మీదట చదవండి. ఆది తాళమైతే ఎనిమిది లెక్కలు, "ధోం చిక్ చక్ చిక్" అని రెండుసార్లు. మూడేసి లెక్కల నడకైతే "ధోం చిక్ చిక్". మిశ్రచాపు అయితే ఏడు లెక్కలు, మూడూ నాలుగూ కలిపి "ధోం చిక్ చిక్, ధోం చిక్ చక్ చిక్". ఏడు లెక్కల పాటను ఎనిమిదిలోకి లాగకండి. పాత కీర్తనలు పాడేటప్పుడు పెద్దలు తడబడితే, తప్పు వారిది కాకపోవచ్చు. మనం వేసే తాళమే వేరై ఉండవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

స్టీలు తీగల గిటారులో తీగలన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువుతో బ్రిడ్జిని లాగుతుంటాయి. ఆ పలుచని పలక ఎప్పుడూ ఆ భారం మోస్తూనే ఉంటుంది. కాబట్టి బ్రిడ్జి మీద గానీ పలక మీద గానీ పిడికిలితో గుద్దకండి. ఉంగరాలు, చేతిగడియారం తీసి ప్రక్కన పెట్టండి. గోళ్ళతో తట్టేవారైతే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు అతికించుకోండి. తట్టినప్పుడు లోపల ఏదో గిలగిలమంటే ఆపి, బాగుచేసేవారికి చూపించండి. లోపలి చెక్కబద్ద ఊడి ఉండవచ్చు. గిటారును ఆంప్లిఫయరుకు తగిలిస్తే 'ధోం' దెబ్బ ఉరుములా వస్తుంది, గనుక ముందే బేస్ తగ్గించండి.

ఎప్పుడు ఆపాలి?

ప్రియమైన యౌవనస్థులారా, ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ శబ్దాలు వచ్చిన క్రొత్తలో అన్నీ ఒకే పాటలో చూపించాలనిపిస్తుంది. అది సహజమే. 1984లో మైకేల్ హెడ్జెస్ అనే కళాకారుడు 'ఏరియల్ బౌండరీస్' అనే ఆల్బమ్‌లో ఒక్క గిటారుతో ఎన్నో వాద్యాలు మ్రోగుతున్నట్లు వినిపించాడు. అది వినడానికి వాయించినది. కూడికలో మనం వాయించేది పదిమంది కలిసి పాడడానికి. ఈ భేదాన్ని మరువవద్దు.

అందుచేత మొదటి చరణానికి 'ధోం' ఒక్కటే చాలు. ఆ గదిలో అందరికంటే నెమ్మదిగా పాడేవారు ఎవరో చూడండి. మీ దెబ్బ వారి ఊపిరికి అందేటట్లు వేయండి. పిల్లలు ముందుకు పరుగెత్తితే గట్టిగా కొట్టకండి. 'చక్' ఒక్కటి స్పష్టంగా, ప్రతిసారీ అదే చోట పడనివ్వండి. రెండు వరుసలు గడిచేసరికి వారే వెనక్కి వస్తారు. చప్పట్లన్నీ ఒక్కటైన తరువాత మీ చేతిని తగ్గించండి. అప్పుడు తాళం ప్రజల చేతుల్లో ఉంది, మీ దగ్గర కాదు. ఆ సమయంలో మీరు పూర్తిగా ఆపినా పాట ఆగదు.

మొదట చెప్పిన ఆ గదికి మళ్ళీ వెళ్దాం. డోలక్ సహోదరుడు ఈ వారం కూడా రాకపోవచ్చు. గిటారు అదే, పాట అదే. ఆ యౌవనస్థుడు ఈసారి తీగలు గట్టిగా మీటక, మూల కూర్చున్న అమ్మగారి వైపు చూస్తూ నెమ్మదిగా 'ధోం' అని తట్టితే, ఒడిలో ఉన్న ఆ చేతులు మళ్ళీ పైకి లేస్తాయి. మీ ఇంట్లో గిటారు ఉంటే ఈ రాత్రే ఆ ఒక్క దెబ్బ నేర్చుకోండి. మిగిలినవి తరువాత వస్తాయి.