ఊరంత స్టేడియం... ఊరందరి పండగ!

ఊరి జనాభా లక్షా 24 వేలు. ఆ ఊళ్లోని స్టేడియంలో సీట్లేమో 1,07,601! పోనీ అక్కడ ఆడేది దేశం తరఫున ఆడే జట్టా అంటే అదీ కాదు. పొద్దున క్లాసులకెళ్లి సాయంత్రం ప్రాక్టీసు చేసే కాలేజీ కుర్రాళ్లు!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న యాన్ ఆర్బర్ సంగతి ఇది. మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలవుతాయి. మన దగ్గర దసరా, దీపావళి సందడి సాగే రోజులకి అక్కడ చెట్లన్నీ పసుపు, నారింజ, ఎరుపు రంగులు పూసుకుంటాయి. చలి ముదిరి మంచు కురిసేలోపు ఆటలూ పాటలూ నాటకాలతో విశ్వవిద్యాలయమంతా ఒకటే హడావుడి.

కానీ చాలామంది మన పిల్లలకు ఆ హడావుడి కిటికీలోంచి చూడటమే! గది, ల్యాబ్, లైబ్రరీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం... మొదటి సెమిస్టరంతా ఇంతే. ఇక పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలైతే వంటింటికీ టీవీకీ మధ్యే ఆరునెలలూ గడిపేసి వస్తారు. గుమ్మం దాటితే ఏముందో తెలిస్తే అలా కూర్చోరు.

శనివారం వచ్చిందంటే...
1927లో కట్టిన ఆ స్టేడియానికి అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘బిగ్ హౌస్’. ఎక్కువ భాగం నేలలోకి తవ్వి కట్టారు కాబట్టి బయటినుంచి చూస్తే అంత పెద్దదని తెలియదు. లోపలికెళ్తే కళ్లు తిరుగుతాయి. అమెరికాలో ఇంతకు మించిన స్టేడియం లేదు. మన అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియం మాత్రం 1,32,000 సీట్లతో దీన్ని మించిపోయింది. 1975 నవంబరు నుంచీ ఇక్కడ జరిగే ప్రతి మ్యాచ్‌కీ లక్షమందికి పైగా వస్తూనే ఉన్నారు- కరోనా కాలం 2020ని మినహాయిస్తే. 2013 సెప్టెంబరు 7న ఏకంగా 1,15,109 మంది వచ్చారు!

ఆట అర్థంకాదని భయమా? అక్కర్లేదు. చేతిలో బంతితో ఎదుటివాళ్ల నేలని ఆక్రమించే కబడ్డీ అనుకోండి. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు. వెళ్తే మళ్లీ నాలుగు. బంతి చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఈ మాత్రం తెలిస్తే చాలు, మిగతాది పక్క సీటువాళ్లే చెబుతారు. పొద్దున్నే కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, వండుకు తింటూ మొదలుపెడతారు వాళ్లు. మన తిరునాళ్లే! తాతల నుంచి చంటిపిల్లల దాకా అందరి ఒంటిమీదా మొక్కజొన్న పసుపు, నీలం రంగులే. ఒహాయో స్టేట్‌తో మ్యాచ్ అయితే చెప్పక్కర్లేదు. ఈ రెండు జట్ల వైరం 1897 నాటిది. నవంబరు చివర్లో జరిగే ఈ పోటీ బేసి సంవత్సరాల్లో యాన్ ఆర్బర్‌కు వస్తుంది.

ఆటలోంచి పుట్టిన పాట
మార్చింగ్ బ్యాండ్ మైదానంలోకి అడుగుపెట్టగానే స్టేడియమంతా లేచి నిలబడి పాడే పాట ‘ది విక్టర్స్’. 1898లో షికాగో విశ్వవిద్యాలయంపై మిషిగన్ జట్టు 12-11తో గెలిచింది. ఒక్క పాయింటు తేడా! ఆ గెలుపు చూసిన ఆనందంలో లూయిస్ ఎల్బెల్ అనే సంగీత విద్యార్థి కట్టిన బాణీ అది. ఆడేవాడూ పాడేవాడూ ఒకే చోట చదువుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి!

ఫుట్‌బాల్ టిక్కెట్టు ఖరీదు ఎక్కువే. అందుకని ఆటలే మానుకోనక్కర్లేదు. అమ్మాయిల వాలీబాల్, సాకర్, ఫీల్డ్ హాకీ పోటీలు కూడా ఈ నెలల్లోనే. వాటికి అంత ఖర్చు ఉండదు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లలపై వివక్ష చూపకూడదని 1972లో అమెరికా చట్టం చేసింది. దాని ఫలితం ఈ మైదానాల్లో కళ్లారా చూడొచ్చు.

గంటల గోపురం కింద
మైదానం నుంచి ఊరి నడిబొడ్డుకొస్తే హిల్ ఆడిటోరియం. విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి ఆర్థర్ హిల్ రాసిచ్చిన రెండు లక్షల డాలర్లతో మొదలై 1913లో తెరుచుకుంది. దాదాపు 3,500 మంది కూర్చోవచ్చు. వేదికమీది శబ్దం చివరి వరుస దాకా స్పష్టంగా చేరేలా గోడల్ని వంపుగా కట్టారు. హ్యాలోవీన్‌కి విద్యార్థుల ఆర్కెస్ట్రా చిత్రమైన వేషాలేసుకుని ఇక్కడ కచేరీ చేస్తుంది. పిల్లలకి భలే సరదా. భారతీయ అమెరికన్ విద్యార్థులు ఏటా వేసే నృత్య ప్రదర్శనకీ ఇదే వేదిక. మనవాళ్ల డప్పుకీ అడుగుకీ హాలంతా ఈలలే!

ఆ పక్కనే 1936 నాటి బర్టన్ టవర్. అందులో 53 గంటలు. అన్నిటికన్నా పెద్దది 12 టన్నులు. కింద గడ్డిమీద కూర్చుని పులిహోర తింటూ ఆ సంగీతం వినడానికి పైసా ఖర్చులేదు. ఇరవై వేలకు పైగా కళాఖండాలున్న ఆర్ట్ మ్యూజియం, ఈజిప్టు, రోము పురావస్తువులున్న కెల్సీ మ్యూజియం... వీటికీ టిక్కెట్టు లేదు. నాటకాలంటే ఇష్టమా? ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ రాసిన ఆర్థర్ మిల్లర్ ఇక్కడి విద్యార్థే. 2007లో ఆయన పేరుతో తెరిచిన థియేటర్లో విద్యార్థుల నాటకాలు చూడొచ్చు.

వెళ్లేముందు...
* మ్యాచ్ రోజు కారు వద్దు. పార్కింగ్ కష్టం. విశ్వవిద్యాలయం బస్సుల్లో టిక్కెట్టు అడగరు.
* స్టేడియంలోకి ఎలాంటి సంచులు రానిస్తారో ముందే చూసుకోండి.
* మధ్యాహ్నం ఎండ చూసి మోసపోవద్దు. సాయంత్రానికి చలి కొరికేస్తుంది. స్వెట్టర్ తప్పనిసరి.
* సంగీత కళాశాల విద్యార్థుల కచేరీలు చాలావరకు ఉచితమే. నెల మొదట్లోనే పట్టిక చూసుకుంటే సరి.

మన ఇళ్లల్లో పదో తరగతి రాగానే బ్యాటూ వీణా అటకెక్కుతాయి. ర్యాంకు వచ్చాక చూద్దాంలే అంటాం. ఆ తర్వాత ఎవరూ వాటిని దించరు. అక్కడ మాత్రం ప్రపంచస్థాయి పరిశోధనలు జరిగే చోటే బంతికీ పాటకీ ఇంత పెద్ద పీట వేశారు. ఊరు కాని ఊళ్లో ఒంటరిగా బెంగపడే పిల్లలకి దీనివల్ల దొరికేది వినోదం ఒక్కటే కాదు... పక్కసీట్లో ఓ స్నేహితుడు. గెలుపో ఓటమో కలిసి చూసినవాళ్లు మర్నాడు క్లాసులో పలకరించుకోకుండా ఉండరు కదా!

అందుకే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా, చదివావా’తో పాటు ఇంకో మాటా అడగండి. ‘ఈ శనివారం ఏం చూశావు నాన్నా?’ అని.