ఇంటి ఆటకు వెలుపలి ద్వారము

కృష్ణపట్నము రేవునకు ఓడలో ఒక పెట్టె వచ్చినదనుకొందము. దానిపై రేవు పేరు మాత్రమే యుండి, పుచ్చుకొనవలసిన వర్తకుని పేరు లేనిచో ఉద్యోగులు దానిని ఎవరికి అప్పగింతురు? పెట్టె అక్కడనే నిలిచిపోవును. ఇంటి కంప్యూటరుపై ఆటల సర్వరును నడుపుచు, దూరముననున్న మిత్రులను అందులోనికి పిలువదలచిన వారికి ఎదురగు చిక్కు ఇట్టిదే.

విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరు తీగలు లాగి ఇండ్లకు ఇంటర్నెట్టు నందించు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము 2017 డిసెంబరు 27న ప్రారంభమైనది. నెల్లూరు తీరమున మైపాడు వంటి ఊరిలో తమ్ముడు ఆటను నడుపగా, చెన్నైలో చదువుకొను అన్న అందులో చేరవలెననుకొనుట నేడు వింత గాదు. కాని తమ్ముని ఇంట చక్కగా నడచు ఆట అన్నకు కనబడదు. కారణమేమి?

ఇంటిలోని ఫోను, టెలివిజను, కంప్యూటరు - వీనికి వేరువేరు లోపలి చిరునామాలు గలవు. అవి తరచుగా 192.168 అను అంకెలతో మొదలగును. వెలుపలి ప్రపంచమునకు మాత్రము ఇంటికంతకు ఒకటే చిరునామా. ఈ రెంటి నడుమ బట్వాడా చేయునది రౌటరు. లోపలివారు అడిగిన దానికి వచ్చిన జవాబును అది గుర్తుపట్టి వారికే చేర్చును. ఎవరును అడుగకయే వచ్చినదానిని పారవేయును. అన్న పంపు పిలుపు ఈ రెండవ తరగతికి చెందును. కావున "ఈ సంఖ్యగల ద్వారమునకు వచ్చినదానిని ఈ కంప్యూటరునకు పంపుము" అని రౌటరునకు ముందుగా చెప్పియుంచవలెను. దీనినే పోర్టు ఫార్వర్డింగు అందురు. ద్వారముల సంఖ్యలు 65,535 వరకు గలవు. మైన్‌క్రాఫ్ట్ ఆట జావా రూపము సాధారణముగా 25565 సంఖ్యను టీసీపీ పద్ధతిలోను, బెడ్‌రాక్ రూపము 19132 సంఖ్యను యూడీపీ పద్ధతిలోను వాడును. సంఖ్య సరిగా నున్నను, పద్ధతి తప్పినచో పిలుపు చేరదు.

పిలుపు చేరనప్పుడు లోపలినుండి వెలుపలికి వరుసగా పరీక్షింపవలెను. మొదట అదే ఇంటిలోని మరియొక యంత్రమునుండి లోపలి చిరునామాతో ఆటలో చేరి చూడవలెను. అచ్చటనే చేరలేకపోయినచో దోషము రౌటరుది కాదు. ఆట నడచుట లేదు, లేదా కంప్యూటరులోని ఫైర్‌వాల్ అడ్డుచున్నది.

రెండవది, కంప్యూటరు లోపలి చిరునామా మారినదేమో చూడవలెను. కార్తె వానలకు, తుపానులకు కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు చిరునామాలను తిరిగి పంచిపెట్టును. నిన్న 192.168.1.5 అయినది నేడు 192.168.1.8 కావచ్చును. కాని నియమము పాత చిరునామాకే పంపుచుండును. ఆ కంప్యూటరునకు ఒకే చిరునామా నిలిచియుండునట్లు రౌటరులో కేటాయించుటయే దీనికి మందు. వెలుపలి చిరునామా కూడ ఇట్లే మారవచ్చును గనుక అన్నకు క్రొత్తది తెలుపవలెను.

మూడవ పరీక్షయే ముఖ్యమైనది. పలువురు దీనిని చేయక రోజులకొలది రౌటరుతో పోరాడుదురు. రౌటరు తన స్థితి తెలుపు పుటలో చూపు వెలుపలి చిరునామాను, ఇంటర్నెట్టులో చిరునామా తెలుపు సైటు చూపు దానితో పోల్చవలెను. రెండును ఒకటేయైనచో దారి యున్నది. వేరైనచో నడుమ మరియొక ద్వారపాలకుడు గలడన్నమాట. రౌటరు చూపునది 192.168తో మొదలైనచో, కంపెనీవారు బిగించిన ఫైబరు పెట్టె కూడ రౌటరు పని చేయుచుండవచ్చును. అట్లయిన రెండవ రౌటరును యాక్సెస్ పాయింటుగా మార్చిన చాలును. అది 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో నున్నచో ఆ ద్వారపాలకుడు కంపెనీ కార్యాలయములోనే యున్నాడు. ఇంటిలో ఎన్ని మార్పులు చేసినను ఫలితముండదు.

ఇట్లేల జరిగినది? పాత పద్ధతి చిరునామాలు మొత్తము 429 కోట్ల పైచిలుకు మాత్రమే. ప్రపంచ భాండారములో మిగిలిన చివరి భాగములను 2011 ఫిబ్రవరిలో ఖండముల సంస్థలకు పంచివేసిరి. తీరగ్రామములకు ఫైబరు తీగ వచ్చునాటికే నిల్వ అడుగంటినది. అందుచే కంపెనీలు ఒక్క చిరునామాను అనేక గృహములకు పంచుచున్నవి. అందుకొరకై 2012లో పైన చెప్పిన అంకెలను ప్రత్యేకించిరి. ఆలస్యముగా వచ్చినవారు ఇతరుల సర్వరులను చూడగలరు గాని, తమ సర్వరును ఇతరులకు చూపజాలరు. ఇది ఆటకు మాత్రమే గాదు, ఇంటి కెమెరాను దూరమునుండి చూడదలచిన వారికిని అడ్డంకియే.

ఉపాయములు లేకపోలేదు. కొన్ని కంపెనీలు అదనపు రుసుముపై సొంత చిరునామా నిచ్చును. 128 బిట్ల చిరునామాలుగల ఐపీవీ6 ఇరువురికిని ఉన్నచో పంచుకొను అవసరమే లేదు. రౌటరు ఫైర్‌వాలులో అనుమతి ఇచ్చిన చాలును. లేదా సర్వరును అద్దెకు తీసుకొనవచ్చును.

చివరి పరీక్షను ఆట నడచుచుండగనే, వైఫైనుండి విడదీసిన ఫోనుతో చేయవలెను. కొన్ని రౌటర్లు తమ వెలుపలి చిరునామాకు ఇంటిలోనుండి వచ్చు పిలుపును త్రిప్పి పంపజాలవు. అందుచే అంతయు సరిగా నున్నను లేనట్లు తోచును.

జాగ్రత్త యొకటి కలదు. తెరచిన ద్వారమున అన్నయే గాక అపరిచితులును తట్టుదురు. ఇంటర్నెట్టులో తెరచిన ద్వారములకై రాత్రింబవళ్లు వెదకు యంత్రములు గలవు. విసిగి, అన్ని ద్వారములను ఒక్కసారిగా తెరచు డీఎంజెడ్ అను ఏర్పాటును ఎన్నుకొనరాదు. ఆటకు కావలసిన ఒక్క ద్వారమునే తెరచి, చేరదగినవారి పేర్లు ఆటలో నమోదుచేసి, ఆడుట మానిన పిమ్మట ఆ నియమమును తొలగింపవలెను.