తమాకు మానడానికి మంచిరోజు

ఆడవాళ్ళూ పొగాకూ అనగానే మన పట్నపు చదువరులకు శ్రీకాకుళం ప్రాంతపు అడ్డపొగ జ్ఞాపకం వస్తుంది. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని పీల్చే ఆ అలవాటును గురించి డాక్టర్లు ఏళ్ళ తరబడి రాస్తూనే వున్నారు. పాలమూరు ఆడవాళ్ళ పొగాకుకు అంతటి ప్రఖ్యాతి లేదు. ఇక్కడ నేను చూసిన చాలామందికి అది పొగే కాదు. కొంగున ముడివేసిన తమాకు, పక్కన కాస్త సున్నం. వనపర్తి, నాగర్‌కర్నూలు వేరుసెనగ చేలలో నడివయసు కూలి స్త్రీల కొంగులు విప్పి చూడండి, తెలుస్తుంది.

గద్వాల దగ్గర విత్తనపు పత్తిచేలో క్రాసింగు పనికి పోయే ఒకామెకు బుగ్గలోపల తెల్లమచ్చ లేచింది. మానకపోతే క్యాన్సరుకు దారి తీయవచ్చునని డాక్టరు హెచ్చరించాడట. "మూడుమార్లు ఇడిసిపెట్టినక్కా. మూడుమార్లూ మల్ల పెట్టుకున్న" అన్నది, ముఖం తిప్పుకుని.

ఎప్పుడెప్పుడు మానావమ్మా అని అడిగాను.

"ముట్టు స్నానమైనంక. దేవునికి దీపం పెట్టి ఒట్టేసుకున్న."

మైల పోయింది, తల తడిసింది. కొత్త నియమానికి ఇంతకంటె మంచిరోజేముంటుందని ఎవరైనా అనుకుంటారు. శరీరం లెక్క మాత్రం వేరుగా వున్నట్టుంది.

చంద్రుడికి వున్నట్టే స్త్రీ నెలకూ రెండు పక్షాలున్నాయి. ముట్టు మొదలుకొని అండం విడుదలయ్యే దాకా ఒకటి. ఇందులో ఈస్ట్రొజెన్ పెరుగుతూ వస్తుంది. ఆ తరువాత సుమారు 14 రోజులు రెండవది; ఇందులో ప్రొజెస్టెరోన్‌ది పైచెయ్యి. నికొటీన్ ఇచ్చే హుషారును మొదటిది ఎగదోస్తుందనీ, రెండవది చల్లారుస్తుందనీ పరిశోధకుల అభిప్రాయం.

అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంవారు సిగరెట్లు తాగే 202 మంది స్త్రీల చేత, ఏ మందూ ఇవ్వకుండా, ఆ అలవాటు మాన్పించి చూశారు. ఫలితాలు 2008లో ప్రకటించారు. మొదటి పక్షంలో మానినవారిలో 30 రోజులు నిలిచింది నూటికి 14 మంది. రెండవ పక్షంలో మానినవారిలో 34 మంది. మన గద్వాలామె మూడుసార్లూ ఎంచుకున్నది ఆ మొదటి పక్షాన్నే!

అలాగని దీన్ని పంచాంగంలో అచ్చువేయించనక్కరలేదు. నికొటీన్ పట్టీ అంటించుకుని మానినవారిలో ఫలితం తలకిందులైన పరిశోధనలూ వున్నాయి. పైగా ఇవన్నీ సిగరెట్ల లెక్కలు. పొగ అయితే నికొటీన్ క్షణాల్లో మెదడుకు చేరుతుంది. బుగ్గన పెట్టిన తమాకు నుంచి మెల్లగా ఊరుతుంది. వస్తువు మాత్రం అదే.

నాకు ముఖ్యమని తోచింది ఇంకొకటి. ముట్టుకు ముందు నాలుగైదు రోజులు చాలామందికి చిరాకు, తలనొప్పి, నిద్రలేమి. పొగాకు మానినప్పుడూ అచ్చం ఇవే బాధలు. పిల్లల మీద ఊరికే కసురుకుంటుంటే, "తమాకు లేకనే నాకీ పిచ్చి" అనుకుని చెయ్యి కొంగు ముడి మీదికి పోతుంది. పోనీ, నెలలో 15వ రోజు ప్రాంతంలో మానితే? మానినవారికి మొదటి వారమే గడ్డుకాలం. అది గడిచిన తరువాత గదా నెలసరి చిరాకు వస్తుంది! రెండూ ఒకేసారి మీద పడవు.

గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారిలో కాలేయం నికొటీన్‌ను ఇంకా వేగంగా ఖర్చు చేస్తుంది, గర్భిణులలోనూ అంతే. గర్భిణి మాత్రం ఏ పక్షం కోసమూ ఆగరాదు, ఇవాళే మానాలి. తెల్లమచ్చ లేచినామె కూడా రోజులు లెక్కపెట్టుకుంటూ నెలలు జరపకూడదు.

ఈ లెక్కంతా చెబితే గద్వాలామె వేళ్ళు మడిచింది. "అంటే ఇంకా తొమ్మిదొద్దులు. గా దినం పెబ్బేరు సంత పడ్తది గదక్కా, తమాకు కొట్లన్నీ ఆడనే ఉంటయి" అన్నది.

సంతకు మొగుణ్ణి పంపమన్నాను. పొగాకు మానదలచినవారికి ప్రభుత్వం 2016లో పెట్టిన ఉచిత టెలిఫోను నెంబరు 1800-11-2356 కూడా రాసిచ్చాను. తెలుగులోనే మాట్లాడవచ్చు.