చిన్న ఖర్చుతో వెబ్‌సైట్: ఆదాయమెంత? ఆశ ఎంత?

 

పోయిన ఏడాది మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులు సరిచూస్తున్న రోజున పెన్నాగరం వైపు నుంచి ఒక తండ్రి వచ్చారు. కొడుకు బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. కాగితాలన్నీ ఇచ్చాక కూడా ఆయన లేవలేదు. కాసేపు ఆగి, "సార్, మీరు బ్యాంకులో చేసినవారు కదా, ఒక మాట అడగాలి. వెబ్‌సైట్ పెడితే నెలకు ముప్పై వేలు వస్తాయని మావాడు అంటున్నాడు. ఒక కంపెనీవాళ్ళు ఇరవై అయిదు వేలు కడితే అన్నీ వాళ్ళే చేసి ఇస్తారట. ఇంట్లో ఆమె గాజులు ఉన్నాయి. కుదువ పెట్టమంటారా?" అని అడిగారు.

బ్యాంకులో నేను చాలా ఏళ్ళు నగల అప్పుల సీటులోనే కూర్చున్నాను. ఎవరి నగలు విడిపించుకున్నారో, ఎవరివి వేలానికి పోయాయో నా చేత్తోనే రిజిస్టరులో రాశాను. అందుకే ఆయనకు వెంటనే "వద్దు" అని చెప్పాను. అయితే వెబ్‌సైట్ వల్ల ఆదాయం రాదని మాత్రం చెప్పలేదు. వస్తుంది. ఎలా వస్తుంది, ఎంత వస్తుంది, ఎన్నాళ్ళకు వస్తుంది అన్న లెక్క తెలియకుండా డబ్బు పెట్టకూడదు. ఆ రోజు ఆయనకు చెప్పిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా నష్టం

ఇతరులకు చెప్పే ముందు నా పొరపాటు ఒప్పుకోవాలి. రిటైరయిన తరువాత 2020లో ఖాళీగా ఉండలేక, ప్లస్ టూ పిల్లలకు అకౌంటెన్సీ పాఠాలు ఇంటర్నెట్‌లో పెడదామనుకున్నాను. ఒక సంస్థకు 18,000 రూపాయలు కట్టాను. చూడటానికి అందమైన వెబ్‌సైటే తయారయింది. ఆరు నెలలు కష్టపడి పాఠాలు రాశాను. ఏడాది తిరిగేసరికి పునరుద్ధరణకు మరో 9,000 అడిగారు. ఇవ్వనన్నాను. అప్పుడు తెలిసింది, వెబ్‌సైట్ పేరు నా పేరున లేదు, వాళ్ళ పేరున నమోదయింది. పేరు పోయింది, దానితో పాటు పాఠాలూ పోయాయి. దస్తావేజు ఎవరి పేరున ఉందో చూడకుండా అప్పు ఇవ్వని మనిషిని, నా సొంత విషయంలో దస్తావేజు చూసుకోలేదు.

నిజమైన ఖర్చు ఎంత?

వెబ్‌సైట్‌కు కావలసినవి మూడే: పేరు, స్థలం, అందులో పెట్టే సరుకు.

పేరు అంటే డొమైన్. '.ఇన్' పేర్లు 2005 నుంచి అందరికీ సులభంగా దొరుకుతున్నాయి. సాధారణంగా ఏడాదికి కొన్ని వందల నుంచి వెయ్యి, పదిహేను వందల రూపాయల లోపు అవుతుంది. మొదటి ఏడాది తగ్గింపు ధర చూపించి రెండవ ఏడాది నుంచి ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలు. కొనే ముందే రెండవ ఏడాది ధర చూడండి.

స్థలం ఉచితంగానే దొరుకుతుంది. 1999లో మొదలైన బ్లాగర్ సేవను 2003లో గూగుల్ కొన్నది. అది ఇప్పటికీ ఉచితమే, మన సొంత పేరును దానికి తగిలించుకోవచ్చు. అయితే ఉచితమైనది ఎప్పటికీ ఉంటుందని హామీ లేదు. లక్షల మంది పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది. చిన్న దుకాణాలకు గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లు కూడా 2024 మార్చిలో ఆగిపోయాయి. కనుక పేరు మన సొంతమై ఉండాలి, రాసిన ప్రతిదానికీ నకలు మన దగ్గర ఉండాలి. ఇల్లు మారినా చిరునామా మనదే అయితే వచ్చేవారు వస్తారు.

మూడవది సరుకు, అంటే మనం రాసే విషయం. దీనికి డబ్బు అక్కరలేదు, సమయం కావాలి. కంపెనీవాళ్ళు అమ్మలేనిది ఇదొక్కటే.

డబ్బు వచ్చే నాలుగు దారులు

ఒకటి, ప్రకటనలు. గూగుల్ వారి యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. మన పేజీలో ప్రకటన చూపించి, వచ్చినదానిలో ఎక్కువ భాగం మనకు ఇస్తారు. తమిళం, తెలుగు పేజీలకు ఈ సదుపాయం 2018లో వచ్చింది. ఖాతాకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. నిండనివారు తల్లిదండ్రుల ఖాతా ద్వారా చేరాలి. ఆదాయం 10 డాలర్లకు చేరాక ఇంటి చిరునామా నిర్ధారించడానికి తపాలాలో ఒక అంకె పంపుతారు. 100 డాలర్లు దాటాకే సొమ్ము బ్యాంకు ఖాతాకు వస్తుంది.

ఇక్కడ కొంచెం కూడికలు, భాగహారాలు చేయాలి. వెయ్యిసార్లు పేజీ చూస్తే ఒక డాలరు వస్తుందనుకుందాం. 100 డాలర్లకు లక్షసార్లు చూడాలి. ఏడాదిలో అంత కావాలంటే రోజుకు సుమారు 274 సార్లు. కొత్త వెబ్‌సైట్‌కు మొదటి నెలల్లో రోజుకు పదిమంది రావడమే గొప్ప. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ తన వెతుకులాట పేజీ పైభాగంలోనే కృత్రిమ మేధతో జవాబు ఇస్తున్నది. మన పేజీ దాకా రాకుండానే చదువరి వెళ్ళిపోవచ్చు. స్నేహితుల చేత ప్రకటనలు నొక్కిస్తే ఖాతా మూసివేస్తారు. ఆ పని ఎన్నడూ చేయకండి.

రెండు, కమీషన్. పెద్ద అంగళ్ళ వస్తువుల గురించి రాసి, మన పేజీ ద్వారా ఎవరైనా కొంటే కొంత శాతం పొందడం. వస్తువును స్వయంగా వాడి నిజం రాసేవారికి ఇది పనికివస్తుంది.

మూడు, మన సరుకు అమ్మడం. మా చెల్లెలి కొడుకుకు పాలక్కోడు దగ్గర చింతచెట్లు ఉన్నాయి. మన జిల్లా చింతపండుకు పేరున్న సంగతి మీకు తెలుసు. కాపు దిగే రోజుల్లో అందరి సరుకూ ఒకేసారి వచ్చి ధర పడిపోతుంది. వాడు ఒకే ఒక పేజీ పెట్టాడు. గింజ తీసినదా, తీయనిదా, ఏ నెల సరుకు, కిలో ఎంత, రెండు ఫోటోలు, ఫోను నంబరు, అంతే. డబ్బు యు.పి.ఐ. ద్వారా తీసుకున్నాడు. మొదటి సీజనులో 140 కిలోలు నేరుగా ఇళ్ళకు పంపాడు. వ్యాపారి ఇచ్చే ధర కంటే కిలోకు 40 రూపాయలు మిగిలింది, అంటే 5,600. మిగతా పంట ఎప్పటిలాగే వ్యాపారికే వేశాడు. తినే సరుకు అమ్మేవారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిబంధనలు చూసుకోవాలి. పన్ను పడే సరుకును కర్ణాటకకో ఆంధ్రకో అమ్మితే మొదటి రూపాయి నుంచే జి.ఎస్.టి. నమోదు అవసరమవుతుంది. బెంగళూరు దగ్గరే కదా అని అనుకోకండి, అది వేరే రాష్ట్రం. ఆడిటరును ఒకసారి అడగండి.

నాలుగు, మన పని అమ్మడం. ట్యూషన్, కుట్టుపని, అనువాదం, లెక్కలు రాయడం, ఏది వస్తే అది. వెబ్‌సైట్ ఇక్కడ సైన్‌బోర్డు లాంటిది. బోర్డుకు ఎవరూ డబ్బు ఇవ్వరు, బోర్డు చూసి లోపలికి వచ్చినవారు ఇస్తారు.

నా చిట్టా

2021 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పేరు నా పేరునే కొన్నాను. మూడేళ్ళ ఖర్చు 600, 1,050, 1,050, మొత్తం 2,700 రూపాయలు. ప్రకటనల ఆదాయం మొదటి ఏడాది చివరికి 11 డాలర్లు, రెండవ ఏడాది చివరికి మొత్తం 58 డాలర్లు. 2024 జనవరిలో 100 దాటింది. ఫిబ్రవరి ఆఖరు వారంలో ఖాతాలో సుమారు 8,300 రూపాయలు పడ్డాయి. అదే కాలంలో నా పాఠాలు చూసి ఫోను చేసిన పిల్లలకు ట్యూషన్ చెప్పి 41,000 సంపాదించాను. అంటే ప్రకటనల కంటే పని అయిదు రెట్లు ఇచ్చింది. పాత 18,000 కూడా ఖర్చు కింద రాస్తే నా లాభం ఎంత తగ్గుతుందో కామర్స్ పిల్లలు లెక్క కట్టండి.

మరి లక్షలు సంపాదించినవారు?

ఉన్నారు. 2005 ఆగస్టులో ఇంగ్లండుకు చెందిన అలెక్స్ ట్యూ అనే 21 ఏళ్ళ విద్యార్థి చదువు ఖర్చుల కోసం ఒకే పేజీ ఉన్న వెబ్‌సైట్ పెట్టాడు. పేజీని పది లక్షల చుక్కలుగా విభజించి, చుక్క ఒక డాలరు చొప్పున ప్రకటనలకు అమ్మాడు. 2006 జనవరికి అన్నీ అమ్ముడయి 10,37,100 డాలర్లు వచ్చాయి. ఇది కట్టుకథ కాదు. కానీ అది చూసి అలాంటి పేజీలు పెట్టినవారు ఎందరో, ఎవరికీ ఆ ఫలితం రాలేదు. ఆలోచన కొత్తది కనుక పత్రికలు అతని గురించి రాశాయి, పత్రికలు రాశాయి కనుక ప్రకటనలు వచ్చాయి. రెండవసారి అది వార్త కాదు. లాటరీ తగిలినవాడి ఇంటిని చూసి టిక్కెట్టు కొనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

తెలుగువారి అనుభవం చూడండి. పరీక్షా ఫలితాలు తెలిపే 'మనబడి' వంటి వెబ్‌సైట్లను తెలుగు విద్యార్థులు ఏళ్ళుగా చూస్తున్నారు. అక్కడ హంగు తక్కువ, అవసరం ఎక్కువ. జనానికి ఏ రోజున ఏది కావాలో అది దొరికితే తిరిగి వస్తారు.

మన పిల్లలకు ఉన్న బలం

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. హోసూరు వైపు వారికి కన్నడం కూడా వస్తుంది. ఇన్ని భాషలు తెలిసినవారు మామూలుగా దొరకరు. హొగేనక్కల్‌కు వచ్చే తెలుగు యాత్రికులకు తెలుగులో వివరాలు, తమిళంలో చదివే పిల్లలకు కామర్స్ పాఠాలు, రైతులకు పట్టు, టమోటా సాగు విషయాలు, ఇలా దేనిమీదైనా ఒక్క విషయం పట్టుకుని ఇరవై పేజీలు సొంతంగా రాయండి. ఇరవై పేజీలు రాయగలిగితేనే పేరు కొనండి. రాయలేకపోతే నష్టం లేదు, డబ్బు పెట్టలేదు కదా.

తల్లిదండ్రులకు ముఖ్య సూచనలు

1. ఫీజు సొమ్ము, స్కాలర్‌షిప్ సొమ్ము, నగలు ఇందులో పెట్టకండి. మొదటి ఏడాదికి రెండు వేలు దాటవద్దు.

2. ఎవరైనా తయారుచేసి ఇస్తామంటే మూడు ప్రశ్నలు అడగండి: పేరు ఎవరి పేరున నమోదవుతుంది? పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? రెండవ ఏడాది ఎంత కట్టాలి? జవాబు కాగితం మీద తీసుకోండి.

3. నెలకు ఇంత ఖాయం అన్నవారిని నమ్మకండి. బ్యాంకు కూడా డిపాజిట్‌కు వడ్డీ మాత్రమే హామీ ఇస్తుంది.

4. "నీ బ్యాంకు ఖాతా మాకు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అంటే వెంటనే ఫోను పెట్టేయండి. మోసపు సొమ్ము ఆ ఖాతాలో తిరిగితే కేసు ఖాతాదారు మీద పడుతుంది. పిల్లవాడి చదువు, ఉద్యోగం రెండూ పోతాయి. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

5. రూపాయి వచ్చినా రాయండి. ఈ ఆదాయం కూడా ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది.

ఆ తండ్రి ఈ మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళారు. కంపెనీవాళ్ళు "ముందు డబ్బు కట్టండి, తరువాత చెబుతాం" అన్నారట. వారం తరువాత అబ్బాయి ఒక్కడే వచ్చాడు. మొదట కోపంగానే ఉన్నాడు. నా చిట్టా చూపించాను. రెండు గంటలు కూర్చుని బ్లాగర్‌లో పేజీ పెట్టడం నేర్చుకున్నాడు. ఈ సంవత్సరం వాళ్ళ ఊరి ఫోటో స్టూడియోకు ఒక పేజీ చేసి ఇచ్చి 2,500 తీసుకున్నాడు. పేరు స్టూడియో యజమాని పేరునే నమోదు చేయించాడు. ముప్పై వేలు కాదు, కానీ అప్పులేని సొమ్ము. గాజులు వాళ్ళమ్మ చేతికే ఉన్నాయి.

చదువు మొదట, వెబ్‌సైట్ తరువాత. రోజుకు అరగంట చాలు.