దవడ కీలు విరుపులకు శస్త్రచికిత్స

కింది దవడ ఎముక పుర్రెతో కలిసే చోటును దవడ కీలు అంటారు. ఈ కీలులోని దవడ కొన విరిగినపుడు, విరిగిన ముక్కను యథాస్థానంలో చేర్చి లోహపు పలకలతో, మరలతో బిగించడమే దవడ కీలు విరుపు శస్త్రచికిత్స. కింది దవడ విరుపులలో సుమారు నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు ఈ భాగంలోనే సంభవిస్తాయి. అయితే అన్నింటికీ శస్త్రచికిత్స అవసరం ఉండదు. ఎవరికి అవసరమన్నది వైద్యులలో చాలాకాలంగా చర్చనీయాంశం.

నిర్మాణం

చెవి రంధ్రానికి కొంచెం ముందు వేలు ఆనించి నోరు తెరచి మూస్తే, చర్మం కింద ఒక గుండ్రని ఎముక కదలడం తెలుస్తుంది. అదే కింది దవడ పైకొన. దీనిని కాండైల్ అంటారు. ఇది కణత ఎముకలోని గుంటలో ఇమిడి ఉంటుంది. కాండైల్‌కు తల, సన్నని మెడ, వెడల్పైన పీఠం అని మూడు భాగాలు. చుబుకానికి తగిలిన దెబ్బ దవడ వెంట పైకి సాగి తరచుగా ఈ భాగాన్ని విరుస్తుంది. ఒక విధంగా ఇది రక్షణే. మెడ విరగడం వల్ల దెబ్బ తీవ్రత మెదడు వరకు పోకుండా చాలావరకు ఆగుతుంది.

కారణాలు, లక్షణాలు

రోడ్డు ప్రమాదాలు, కిందపడడం, కొట్లాటలు, ఆటలలో తగిలే దెబ్బలు ముఖ్య కారణాలు. చెవి ముందు నొప్పి, వాపు కలుగుతాయి. నోరు పూర్తిగా తెరచుకోదు, పళ్ళు సరిగా కలవవు. ఒకవైపు విరిగితే, నోరు తెరచినపుడు చుబుకం ఆ వైపుకే ఒరుగుతుంది. రెండువైపులా విరిగితే వెనుక పళ్ళు మాత్రమే తగిలి, ముందుపళ్ళ మధ్య ఖాళీ మిగులుతుంది. దవడ మొత్తం కనబడే ఎక్స్‌రే, సీటీ స్కాన్‌ల ద్వారా విరుపును నిర్ధారిస్తారు.

శస్త్రచికిత్స ఎప్పుడు?

ముక్కలు పెద్దగా కదలనపుడు, పళ్ళు సరిగా కలుస్తున్నపుడు కోత అక్కరలేదు. కొద్దిరోజులు మెత్తని ఆహారం, అవసరమైతే పళ్ళకు తీగలు కట్టి రబ్బరు బ్యాండ్లు, ఆపై నోరు తెరచే వ్యాయామాలు సరిపోతాయి. విరిగిన కొన పుర్రెలోపలికి చొచ్చుకుపోయినపుడు, కీలు గుళిక దాటి బయటకు వచ్చినపుడు, తూటా వంటివి కీలులో చిక్కుకున్నపుడు, మరే విధంగానూ పళ్ళ పొందిక కుదరనపుడు శస్త్రచికిత్స తప్పనిసరి అని 1983లో జైడ్, కెంట్ అనే వైద్యులు సూచించారు.

పలు వైద్యకేంద్రాలు కలిసి జరిపి 2006లో ప్రచురించిన పరిశీలనలో, ముక్క 10 నుండి 45 డిగ్రీలు వంగిన, లేదా దవడ నిలువు భాగం 2 మిల్లీమీటర్లకు మించి కురచైన రోగులను తీసుకున్నారు. రెండు పద్ధతులూ ఆమోదయోగ్యమైన ఫలితాలే ఇచ్చినా, శస్త్రచికిత్స పొందినవారిలో దవడ పనితీరు మెరుగ్గా ఉన్నట్లు తేలింది.

విధానం

రోగికి పూర్తి మత్తు ఇస్తారు. పళ్ళ పొందికను చూడవలసి ఉన్నందున శ్వాసగొట్టాన్ని సాధారణంగా ముక్కు ద్వారా పంపుతారు. విరుపు ఎత్తును బట్టి చెవి ముందుగాని, దవడ వెనుకగాని, దవడ కిందగాని కోస్తారు. ఎండోస్కోపు సాయంతో నోటి లోపలి నుండి చేసే పద్ధతి కూడా ఉంది. దవడను కిందికి లాగి, ముక్కను సరిచేసి, చిన్న టైటానియం పలకలతో బిగిస్తారు. ఇటువంటి చిన్న పలకలను ఫ్రాన్సుకు చెందిన మిషెలే, షాంపీలు 1970లలో ప్రచారంలోకి తెచ్చారు.

ఈ దారిలోనే ముఖ కండరాలను కదిలించే నాడి ఉంది. గవదబిళ్ళల వ్యాధిలో వాచే లాలాజల గ్రంథి గుండా అది శాఖలుగా సాగుతుంది. నాడి నలిగితే కనురెప్ప మూతపడకపోవడం, పెదవి వంకరపోవడం జరగవచ్చు. చాలామందిలో ఇది తాత్కాలికమే. లాలాజలం కారడం, మచ్చ మిగలడం ఇతర సమస్యలు.

పిల్లలలో జాగ్రత్తలు

పిల్లల ఎముకకు తిరిగి రూపుదిద్దుకునే శక్తి ఎక్కువ. అందువల్ల వారికి సాధారణంగా కోత లేని చికిత్సనే ఎంచుకుంటారు. అయితే గడ్డం చిట్లిన పిల్లవాడికి కుట్లు వేసి, కీలును పరీక్షించకుండా పంపివేస్తే విరుపు బయటపడకపోవచ్చు. కదలిక లేని కీలు పుర్రెకు అతుక్కుపోతే నోరు తెరచుకోదు, దవడ ఎదుగుదల కుంటుపడి ముఖం వంకరవుతుంది. కనుక చుబుకానికి గాయమైన ప్రతి బిడ్డకు నోరు ఎంత తెరచుకుంటున్నదో, పళ్ళు ఎలా కలుస్తున్నాయో చూడడం అవసరం. ఎముక అతుక్కోవడం ఒక్కటే ఈ చికిత్స లక్ష్యం కాదు. దవడ మునుపటిలా కదలాలి.