వార్తల్లో పదం: డిపెండెన్సీ

జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ నడవడానికి ఆధారపడే ఇతరుల కోడే డిపెండెన్సీ. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ కావాలో 'ప్యాకేజ్ జేసన్' ఫైల్లో రాస్తే, ప్యాకేజీ మేనేజర్ ఎన్‌పీఎం వాటిని తెస్తుంది. వాటికి కావాల్సినవాటినీ తెస్తుంది. చిక్కు ఈ రెండో వరసతోనే.

2016 మార్చిలో ఒక డెవలపర్, ప్యాకేజీ పేరు మీద వచ్చిన వివాదంతో ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలన్నీ తీసేశారు. వాటిలో 'లెఫ్ట్ ప్యాడ్' ఒకటి. మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చే 11 లైన్ల కోడ్, అంతే! దాని పేరైనా వినని ప్రాజెక్టులెన్నో ఆగిపోయాయి; అవి వాడే బేబెల్ అనే సాధనం దానిమీద ఆధారపడి ఉంది. ఎన్‌పీఎం కొన్ని గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టి, తర్వాత తొలగింపు నిబంధనలు బిగించింది.

2025 సెప్టెంబరులో 'చాక్', 'డీబగ్' లైబ్రరీల కొత్త వెర్షన్లలో క్రిప్టో కరెన్సీని కొల్లగొట్టే కోడ్ చొరబడింది. కొత్త వెర్షన్లు వాటంతటవే చేరకుండా, కచ్చితమైన వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైల్‌ను ప్రతి జట్టూ భద్రపరచాల్సింది ఇందుకే.