ఆల్ వీల్ డ్రైవ్ కారును ముందు చక్రాలకే పరిమితం చేయవచ్చా?

కారు వెనుక నుంచి గరగరమనే శబ్దం వస్తోంది. షెడ్డుకు తీసుకెళితే వెనుక కప్లింగ్ పాడైందని, కొత్తది వేయడానికి భారీగా ఖర్చవుతుందని మెకానిక్ చెబుతాడు. ఆ వెంటనే చౌక మార్గం సూచిస్తాడు: “షాఫ్ట్ తీసేద్దాం సార్. ముందు చక్రాలతో నడుస్తుంది, మైలేజీ కూడా పెరుగుతుంది.” పాత ఆల్ వీల్ డ్రైవ్ కార్ల యజమానులకు ఎదురయ్యే సలహా ఇది. ఇందులో నిజం ఎంత అన్నది కారు లోపలి అమరికపై ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఒక మాట సంగతి. ‘ఫోర్ వీలర్’ అంటే ఏ కారైనా కావచ్చు. ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే వాహనం. అనువాదంలో రెండూ ‘నాలుగు చక్రాల వాహనం’గా మారి చదువరిని తికమక పెడుతుంటాయి. మారుతీ జిమ్నీ వంటివి మామూలుగా వెనుక చక్రాలతో నడుస్తూ, అవసరమైనప్పుడు మాత్రమే ముందు చక్రాలను కలుపుకుంటాయి. వాటి కథ వేరు.

రెనో డస్టర్, మారుతీ గ్రాండ్ విటారా వంటివి పుట్టుకతోనే ముందు చక్రాల కార్లు. వాటి ఆల్ వీల్ డ్రైవ్ రకాలలో గేర్‌బాక్స్ పక్కన అమర్చిన మరో గేర్ల పెట్టె, పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా శక్తిని వెనక్కి పంపుతుంది. వెనుక డిఫరెన్షియల్‌కు ముందు ఒక కప్లింగ్ ఉంటుంది. కంప్యూటర్ ఆదేశాన్ని బట్టి బిగుసుకునే, వదులయ్యే క్లచ్ అది. మన దేశంలో 2014లో విడుదలైన డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌లో 2డబ్ల్యూడీ, ఆటో, లాక్ అనే మూడు స్థానాల నాబ్ ఇచ్చారు. దాన్ని 2డబ్ల్యూడీకి తిప్పితే కప్లింగ్ వదులై, కారు ముందు చక్రాలతోనే సాగుతుంది. తయారీదారు కల్పించిన సదుపాయం కనుక ఇందులో భయపడవలసిందేమీ లేదు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారాలో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ స్థానాలే ఉన్నాయి. ముందు చక్రాలకే పరిమితం చేసే స్థానం లేదు.

అయితే నాబ్ తిప్పినంత మాత్రాన ఇంధనం చెప్పుకోదగినంత మిగలదు. ముందు నుంచి గేర్ల పెట్టె షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉంటుంది. వెనుక డిఫరెన్షియల్‌ను దొర్లుతున్న చక్రాలే తిప్పుతాయి. బరువూ తగ్గదు. పైగా పొడి రోడ్డుపై ఆటోలో ఉన్నా శక్తిలో అధిక భాగం ముందు చక్రాలకే వెళుతుంది. అన్నీ ఊడదీస్తే ఎంత ఆదా? గ్రాండ్ విటారా మాన్యువల్ గేర్ల పెట్రోల్ కారుకు కంపెనీ ప్రకటించిన మైలేజీ ముందు చక్రాల రకానికి లీటరుకు 21.11 కిలోమీటర్లు, ఆల్ వీల్ డ్రైవ్‌కు 19.38. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే తేడా సుమారు 50 లీటర్లు. షాఫ్ట్ తీసినా వెనుక డిఫరెన్షియల్ బరువు మిగిలే ఉంటుంది కనుక అంత ఆదా కూడా ఆశించలేం.

సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న కార్లలో చిక్కు ఇంకా పెద్దది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం ప్రయాణించవు. ఆ తేడాను సర్దుబాటు చేస్తూ రెండు వైపులకూ శక్తిని పంచేదే సెంటర్ డిఫరెన్షియల్. వెనుక షాఫ్ట్ తీసేస్తే, గట్టు తెగిన చోటికే నీరంతా పోయినట్లు, చలనమంతా ఖాళీగా తిరిగే ఆ వైపుకే పోతుంది. ఇంజిన్ ఎంత రొద పెట్టినా కారు కదలదు. చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగ్ దానికి తోడుగా ఉంటే కారు కొంత కదలవచ్చు గానీ, ఆ ద్రవం వేడెక్కి కప్లింగ్ చెడిపోతుంది. అందుకే కొన్నిచోట్ల సెంటర్ డిఫరెన్షియల్‌నే వెల్డింగ్ చేసేస్తారు. ఆ తరువాత కారును పూర్వస్థితికి తేవడం కష్టం. సుబారు పాత ఆటోమేటిక్ కార్లు కొన్నింటిలో మాత్రం, ఇంజిన్ గదిలో ఒక ఫ్యూజు పెడితే వెనుక చక్రాలకు శక్తి ఆగిపోయేది. చిన్న స్టెప్నీ వేసుకున్నప్పుడు తాత్కాలికంగా వాడుకోవడానికి ఇచ్చిన ఏర్పాటు అది.

డస్టర్ తరహా కార్లలో షాఫ్ట్ తీసినా కారు నడుస్తుంది, నిజమే. కానీ కొన్ని గేర్ల పెట్టెలలో షాఫ్ట్ కొనే ఆయిల్ బయటికి రాకుండా అడ్డుగా ఉంటుంది. అది తీశాక ఆ రంధ్రాన్ని సరిగా మూయకపోతే ఆయిల్ కారిపోయి గేర్లు అరిగిపోతాయి. వెనుక చక్రాల యాక్సిల్ షాఫ్ట్‌లతో ఇంకా జాగ్రత్త అవసరం. చాలా కార్లలో హబ్ బేరింగ్‌ను బిగించి పట్టుకునేది యాక్సిల్ చివరి జాయింటే. దాన్ని పూర్తిగా లాగేసి బండి నడిపితే బేరింగ్ వదులై, చక్రమే ఊడివచ్చే ప్రమాదం ఉంది. డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపాలు వెలగడం, జారుడు నివారించే వ్యవస్థ పనిచేయకపోవడం కూడా జరగవచ్చు.

చట్టం సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మూల ప్రమాణాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయాన్ని, బీమా సంస్థను లిఖితపూర్వకంగా అడగడం మేలు. ప్రమాదం జరిగాక షాఫ్ట్ లేదని సర్వేయర్ గుర్తిస్తే, క్లెయిము ఇరకాటంలో పడవచ్చు.

ఇంతదూరం వెళ్లేముందు ఆ గరగర శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను మధ్యలో మోసే బేరింగ్ అరిగినా, డిఫరెన్షియల్ ఆయిల్ తగ్గినా శబ్దం వస్తుంది. ముందు రెండు టైర్లు కొత్తవి, వెనుకవి అరిగినవి అయితే చుట్టుకొలతల తేడాతో కప్లింగ్ అనవసరంగా శ్రమపడుతుంది. ఈ మూడింటినీ పరిశీలించడానికి షాఫ్ట్ ఊడదీయనక్కర్లేదు. కారును ర్యాంపు ఎక్కించి చూస్తే చాలు.